అన్నిటిదీ ఒకటే మాట

నిరుడు వానకాలం మా గూడెంలో పసులన్నిటికీ కొత్త గంటలు వచ్చాయి. ఎవరింట్లోకైనా కొత్త మిక్సీ వచ్చిందంటేనే నాలుగు రోజులు ముచ్చట చెప్పుకునే జనం మా వాళ్ళు. ఊరంతటికీ ఒక్కసారే కొత్తవి వస్తే ఇక చెప్పాలా? దూడ తల విదిలించినా గుమ్మంలోకొచ్చి చూశారు.

నేను కళావతిని. ఈ గూడేనికి కోడలిగా వచ్చి అప్పటికి మూడేళ్ళు. మా ఆయన గణేష్ పామాయిల్ గెలల ట్రాక్టరు నడుపుతాడు. గెలలు దిగే రోజుల్లో వారానికొకసారి ఇల్లు చూస్తే గొప్ప. అత్త భీమక్క నేను రాకముందే పోయింది. కాబట్టి ఇంట్లో ఉండేది నేనూ, మా మామ బొజ్జయ్యా, ఒక ఆవూ, ఒక పెయ్యా. నలుగురిలో ఎక్కువ మాట్లాడేది నేనే.

పెనుబల్లి దాటి అడవి మొదలయ్యే చోట ఉంటుంది మా గూడెం. పైర్లు నేలమీద ఉన్నన్నాళ్ళూ పసులను ఊళ్ళో వదలడానికి లేదు. ఏరువాక నుంచి దసరా దాకా పొద్దున్నే అడవికి తోలాలి, పొద్దుగూకేసరికి ఇంటికి చేర్చాలి. ఊరందరి పసులనూ తోలేది మామే. అందుకు ఇంటింటా ఇన్ని వడ్లు కొలుస్తారు. పసుల మెడలో కట్టే కొయ్యగంటలు చేసేదీ ఆయనే. వేగిస కట్టెను లోపల తొలిచి, తునికి చేవతో రెండు నాలుకలు చేసి అందులో వేలాడదీస్తాడు. అడవిలో పశువు ఏ పొద చాటున మేస్తోందో ఆ గంటే చెబుతుంది. ఆయన చేసిన ఏ రెండు గంటలూ ఒకలా మోగవు. ఒకటి టొకటొకమంటుంది, ఇంకొకటి డుబుడుబుమంటుంది. దాన్ని ఆయన చప్పుడు అనడు, మాట అంటాడు. గంగయ్య ఎద్దు మాట బొంగురనీ, జంపక్క ఆవు మాట జంపక్క లాగే గలగలమనీ చెప్పి నవ్వుతాడు.

ఆ గంగయ్యే మా ఊరి పెద్దమనిషి. ఏరువాకకు ముందు మామను పిలిచి, వయసు మీదపడిందని, పసులను ఇంకెవరికైనా అప్పజెబుదామని నలుగురూ అనుకుంటున్నారని మెల్లగా చెప్పాడు. ఈ ఒక్క వానకాలం చూస్తామన్నాడు. ఒక్క పశువు తప్పిపోయినా కర్ర దించేయాలన్నాడు. మామ సరేనని తలూపి వచ్చాడు గానీ ఆ పూట అన్నం ముట్టలేదు. కొందరికి దేవుడు ఉంటాడు, కొందరికి కల్లు ఉంటుంది. మామకు మంద ఉంది. అది పోతే ఆయన అరుగుమీద మూటలా మిగిలిపోతాడని నాకు తెలుసు, అందుకే ఆ వానకాలమంతా పసులు ఇల్లు చేరేదాకా నా ప్రాణం కుదుటపడేది కాదు.

తొలకరి పడ్డ వారానికి మోటారుసైకిలు మీద గంటలవాడు వచ్చాడు. హ్యాండిలుకూ వెనక సీటుకూ గుత్తులు గుత్తులుగా గంటలు. బంగారు రంగు పూత, ఎర్రటి బెల్టు, బెల్టుకు లైటు పడితే మెరిసే పట్టీ. ఎక్కడివని అడిగితే ఖమ్మం హోల్‌సేల్ కొట్టు నుంచి తెచ్చానన్నాడు. ఆ కొట్టుకు ఎక్కడి నుంచి వస్తాయంటే అతనికే తెలియదు. మా వాళ్ళకూ అక్కర్లేకపోయింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. మొదట కొన్నది జంపక్క. నాకు అత్త వరస. నోరు పెద్దదే గానీ చెయ్యి కూడా పెద్దదే, అడిగినవాళ్ళకు లేదనదు. ఆమె కొంటే ఊరు కొన్నట్టే.

మామ వచ్చాడు. ఒక గంట చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఆడించాడు. అది పక్కన పెట్టి ఇంకొకటి తీశాడు. తర్వాత ఇంకొకటి. ఆ గుత్తి అయ్యేదాకా వదల్లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు మోచేతులతో పొడుచుకుంటూ నవ్వుతున్నారు.

"అన్నిటిది ఒకటే మాటనే," అన్నాడు చివరికి.

"ఒకటే అచ్చుల పోసినయి పెద్దాయనా. ఒక్కదానికి తేడా రాదు. గ్యారంటీ," అన్నాడు గంటలవాడు గర్వంగా.

మా ముసలివాళ్ళు మనసు కలతపడితే కోయలోకి దిగుతారు. వీడు ఊరికి చెవుడు తెచ్చాడని మామ కోయలో గొణిగాడు. గంటలవాడికి అర్థం కాక నవ్వాడు. మా వాళ్ళకు అర్థమై కూడా నవ్వారు. కుమ్మరి వీధిలోకి ప్లాస్టిక్ బిందెలవాడొస్తే కుమ్మరి ఇంకేమంటాడు అని వాళ్ళ ఉద్దేశం.

ఆ సాయంత్రం నుంచి మామ ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. కొయ్యగంటలు పాడైతే ఊరికే బాగుచేసిస్తానన్నాడు, వడ్లు కూడా కొలవొద్దన్నాడు. కొయ్యవి బరువనీ, నానితే వాసనొస్తాయనీ, ఇవైతే రాత్రిపూట రోడ్డు మీద పడుకున్న గొడ్డును లారీవాళ్ళు చూస్తారనీ వాళ్ళు చెప్పారు. అందులో అబద్ధమేమీ లేదు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు, రెండోసారి కూడా అవే గడపలు తొక్కాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వద్దన్నవాళ్ళను బతిమాలడం దేనికని అడిగేశాను.

"నాకేం ఇయ్యకపోతె పాయె బిడ్డా. మెడల ఉన్నది తియ్యకపోతె సాలు," అన్నాడు.

ఒకరోజు మామ, గంగయ్య ఎద్దు మెడలోని కొత్త గంటను అడిగి తెచ్చుకున్నాడు. దాని అంచుమీద చిన్న సుత్తితో కొట్టి ఆడించాడు, మళ్ళీ కొట్టి ఆడించాడు. మాట మారుద్దామని ఆయన తాపత్రయం. పలుచని రేకు, మూడో దెబ్బకు చీలింది. గంగయ్య పెద్దమనిషి గనుక ఏమీ అనలేదు, ఇంకొకటి కొనుక్కున్నాడు. బొజ్జయ్యకు కడుపుమంటగా ఉందన్న మాట మాత్రం ఊళ్ళో పాకిపోయింది.

ఆ వారం ఇంటికొచ్చిన గణేష్ కూడా కల్లూరులో అదే రకం గంట కొని తెచ్చాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనిపించుకోవడం మా ఆయనకు ఇష్టం లేదు. మామ పెయ్యకు కట్టనిచ్చాడు. ఆవు దగ్గరికి రాగానే గణేష్ చెయ్యి పట్టుకుని, దీన్ని మాత్రం ముట్టొద్దన్నాడు. అలా ఊరు మొత్తానికి మా ఆవు మెడలో ఒక్కటే కొయ్యగంట మిగిలింది.

ఆషాఢం వెళ్ళి శ్రావణం వచ్చింది, ముసురు వదల్లేదు. మామ మనిషి తగ్గిపోతున్నాడు. మంద ఇదివరకటికంటే ఆలస్యంగా దిగుతోంది. ఊరి చివర ఆగి ఒక్కొక్క పశువు వీపుమీద చెయ్యి వేసి, కొమ్ములు తడిమి, అప్పుడు ఊళ్ళోకి వదులుతున్నాడు. కొత్తగా ఈ ముద్దులేమిటని జంపక్క ఆటపట్టిస్తే, వానకు జలుబు చేసిందేమో చూస్తున్నానన్నాడు. పశువులకు జలుబు చూసే డాక్టరు మా ఊళ్ళోనే ఉన్నాడని ఆమె ఊరంతా చెప్పుకుని నవ్వించింది. నేనూ నవ్వాను. ఆ నెలలన్నిటిలో ఒక్క దూడైనా తప్పిపోలేదు, గంగయ్య కూడా పోనీలే బాగానే తోలుతున్నాడన్నాడు. దసరా గట్టెక్కితే చాలనుకున్నాను.

శ్రావణం చివర్లో ఒక పొద్దున మా ఆవు నిలవలేక కాళ్ళు మారుస్తోంది. పొదుగు దిగింది. ఆ పూటో మరుపూటో ఈనేలా ఉంది. మామ మాత్రం దాన్నీ మందలో తోలుకుపోతానన్నాడు. నాకు నిజంగా కోపం వచ్చింది. నిండు చూలుతో ఉన్నదాన్ని వానలో అడవికి తోలే కాపరి ఎక్కడైనా ఉంటాడా? ఇంటి దగ్గరే ఉండనిమ్మని పలుపు నా చేతిలోకి లాక్కున్నాను.

"ముంగట అది నడిస్తె నాకు మంచిగుంటదే," అన్నాడు.

"పెయ్య ఉన్నది గద మామా, దాన్ని ముంగటేస్కో," అన్నాను.

ఆయన ఆవు గంగడోలు నిమిరి, కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి ఆవు ఈనింది. పెయ్యదూడ, నుదుట తెల్లమచ్చ. ఈ కబురు మామకు చెప్పాలని నాకు ఒకటే ఆత్రం.

ఈనిన ఆవుకు బెల్లం, వాము పెట్టాలి. ఇంట్లో బెల్లం చాల్లేదు. సాయంత్రం వాన కాస్త జోరు తగ్గాక గొంగడి కప్పుకుని జంపక్క ఇంటికి వెళ్ళాను. మావన్నీ ప్రభుత్వం కట్టించిన కాలనీ ఇళ్ళు. అన్నిటికీ అదే అరుగు, అదే రెండు మెట్లు, అదే తలుపు. మా ఇంటికీ జంపక్క ఇంటికీ నడుమ నాలుగు ఇళ్ళున్నాయి. ఆమె బెల్లం కొడుతూ, దూడకు ఏం పేరు పెడతావని అడుగుతోంది. అంతలో మంద దిగింది. వీధంతా ఒకటే గణగణ. జంపక్క ఆవు తడిసి ముద్దై వచ్చి పాకలోకి దూరింది. దాని వెనకే మామ కూడా వచ్చాడు.

దూడను చూసే తొందరలో నన్ను వెతుక్కుంటూ ఇక్కడికే వచ్చాడనుకున్నాను. ఆయన రెండు మెట్లూ ఎక్కాడు. కర్ర గోడకు ఆనించాడు. తలమీది గోనెసంచి తీసి దులిపి, తడి తువ్వాలు భుజం మీదినుంచి తీసి, ఎడమ పక్క గోడమీదికి చెయ్యి చాచాడు. మా ఇంట్లో అక్కడ మేకు ఉంటుంది. జంపక్క ఇంట్లో లేదు. చెయ్యి గోడమీద పైకి వెళ్ళింది, కిందికి వచ్చింది, పక్కకు పాకింది. జంపక్క ఏదో ఎకసెక్కమాడదామని నోరు తెరిచి, ఆ చేతిని చూసి అలాగే ఉండిపోయింది.

మామ తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకుని అరుగుమీద కూర్చున్నాడు. మా ఇద్దరికీ ఆయనకూ మధ్య రెండు బారల దూరం కూడా లేదు. తల మా వైపే తిప్పాడు. నా మొహం మీదే ఆయన చూపు ఉంది.

"కళావతీ," అని లోపలి గదికి వినపడేలా పిలిచాడు. "ఆవు ఈనిందా బిడ్డా?"

బెల్లం ముక్క నా చేతిలోనే ఉంది. జంపక్క నా మొహంలోకి చూసింది. ఒక అడుగు ముందుకేసి తన చెయ్యి ఆయన కళ్ళ ముందు అటూ ఇటూ ఆడించింది. ఆయన రెప్ప వెయ్యలేదు. వాన చుక్కలు చూరుమీంచి పడుతున్నాయి.

ఎవరూ పలకకపోయేసరికి ఆయనకు అనుమానం వచ్చింది. తను కూర్చున్న అరుగును అరచేత్తో నెమ్మదిగా తడిమాడు. మా అరుగు అంచు ఒకచోట పెచ్చు ఊడిపోయి ఉంటుంది. ఇక్కడ నున్నగా ఉంది.

"ఎవరిల్లు ఇది?" అన్నాడు.

గూడెం అంతటికీ వినపడేలా తప్ప మాట్లాడడం రాని జంపక్క, అంత చిన్న గొంతుతో మాట్లాడగా నేను అప్పుడే విన్నాను.

"నాదన్నా," అంది.

ఆయన తలొంచుకున్నాడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను, ఆవు ఈనిందని, పెయ్యదూడ అని చెప్పాను. నుదుటి తెల్లమచ్చ గురించి చెప్పబోయి ఆగిపోయాను. మూడేళ్ళుగా ఆ మనిషికి అన్నం పెట్టాను. కూరలో ఉప్పు తక్కువైతే పసిగట్టేవాడు, నేను అలిగితే అడుగుల చప్పుడుతోనే కనిపెట్టేవాడు. ఇంటికొచ్చాక దూడను ఒళ్ళంతా తడిమి చూసుకున్నాడు. అప్పుడు అడక్కుండానే చెప్పాడు. ఆవు గంట విప్పి పెయ్యకు కడితే ఎందుకని అడుగుతానని కట్టలేదట, పొద్దంతా పెయ్య గంటనే చెవితో పట్టుకుని తిరిగాడట. వాగు దాటేటప్పుడు మంద కలగాపులగమైందట. ఆ తర్వాత తను పట్టుకున్నది పెయ్య గంటో ఎవరి గంటో తెలియలేదట. ఏదో ఒక దాని వెనక నడిస్తే ఊరైనా వస్తుందని నడిచాడట.

"జంపక్క చెప్పకముందే పొద్దుగాల నేనే చెప్త," అన్నాడు.

తెల్లవారి మా ఇంటినుంచి ఊరి చివర మంద నిలిచే చోటికి ఆయన నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచాడు. అప్పటిదాకా ఎప్పుడూ అలా నడవలేదు. పలుపులు పట్టుకుని వచ్చినవాళ్ళంతా మాటలాపేశారు. జంపక్క అందరికంటే ముందే వచ్చి ఉంది, ఎవరికీ ఏమీ చెప్పలేదని ఆమె మొహమే చెబుతోంది. మామ గంగయ్యను పిలిచి, కర్ర దించేస్తున్నానని అన్నాడు.

గంగయ్య కంగారుపడ్డాడు. "ఎవరిది తప్పిపోయింది బొజ్జన్నా?"

"పసులేవి తప్పిపోలే. నిన్న నేనే తప్పిపోయిన."

ఆ తర్వాత నిదానంగా చెప్పాడు. వెలుగూ చీకటీ తెలుస్తాయి, మనిషి తెలియడు. అయిదేళ్ళయింది. భీమక్క ఉన్నన్నాళ్ళూ ఆమె వెనక నడిచాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు, కొడుక్కి కూడా. ఆమె పోయాక ఊరి గంటల వెనక నడిచాడు. ఏ గంట ఎటు తిరిగితే ఎవరి వాకిలో ఆయనకు తెలుసు, ఏది మందలో లేదో తెలుసు. మోడు ఎక్కడుందో, వాగు ఎంత లోతుందో కూడా ముందు నడిచే పశువు గంట తడబడితే తెలిసేది. అంతా చెప్పి, తప్పు చేసినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నేను లెక్క వేసుకుంటున్నాను. అయిదేళ్ళు. నేను వచ్చి మూడేళ్ళు. అంటే ఆయన నన్ను ఒక్కసారి కూడా చూడలేదు. పెళ్ళిమాటలకు మా ఇంటికొచ్చి, నా ఎదురుగా కూర్చుని, పిల్ల మంచిగున్నదని పదిమందిలో చెప్పినవాడు ఈయనే.

తిడతారనుకున్నాను. గుడ్డివాడి చేతిలో మా ఆస్తి పెట్టావని గంగయ్య నిలదీస్తాడనుకున్నాను. ఒక్కరూ ఆ మాట అనలేదు. ఎప్పుడెప్పుడు ఏమేం నవ్వారో ఎవరికి వాళ్ళు గుర్తు చేసుకుంటున్నట్టున్నారు. చివరికి గంగయ్యే తేరుకున్నాడు. అయిదేళ్ళలో ఒక్క కాలి గిట్ట కూడా పోగొట్టని కాపరిని ఎందుకు మానిపించాలన్నాడు. తప్పు గంటలదైతే గంటలు మార్చుకుందామన్నాడు.

"కొయ్యయే కడ్తం బొజ్జన్నా. దసరా దాక నువ్వే తోలాలె," అన్నాడు.

అవ్ అవ్ అని అందరూ ఒక్కసారే అన్నారు. జంపక్క వెంటనే వంగి తన ఆవు మెడనుంచి ఎర్ర బెల్టు ఊడదీసింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు ఊడదీశారు. మామ మొహం ఎలా అయిందో నేను చెప్పలేను. కొత్తవి చేయాలంటే ఇప్పుడు కుదరదన్నాడు, పచ్చి కట్టె పలకదు, రెండు ఎండాకాలాలు ఎండాలన్నాడు.

"కొత్తయెందుకు? పాతయి ఉన్నయి గద. తెచ్చి కట్టుండ్రి, నేను ఈడనే ఉంట," అన్నాడు నవ్వుతూ.

ఎవరూ కదల్లేదు. ఇంటికి వెళ్ళి తెస్తారని నేను చూస్తున్నాను. ఒకడు నేలను బొటనవేలితో గీస్తున్నాడు. గంగయ్య అడవివైపు తిరిగి నిలబడ్డాడు. మామ చెవి అటూ ఇటూ తిప్పాడు, అడుగుల చప్పుడు కోసం. ఆ నవ్వు ఇంకా మొహం మీదే ఉంది.

"ఏందే, పోతలేరు?" అన్నాడు.

జంపక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

"యాడియన్నా గంటలు," అంది. "ముసురుకు ఎండు కట్టె దొరకలే. పొయ్యిల పెట్టినం."

"నువ్వా?"

"నేను. గంగన్నోళ్ళు. అందరం."

పసులు ఇక ఆగలేక కదులుతున్నాయి, కొత్త గంటలు మోగుతున్నాయి.

"మంచిగ మండినయా?" అని అడిగాడు మామ.

"మంచిగ మండినయన్నా," అంది జంపక్క.

"మండుతయి మరి. ఏండ్ల కట్టె గద," అన్నాడు.

చేతిలోని కర్రను ముందుకు చాచాడు. గంగయ్య ఆయనకు కుడివైపు ఉన్నాడు, కర్ర ఎడమవైపు చాచాడు. అటువైపు మనిషి లేడు. అందుకోవడానికి ఎవరూ రాలేదు, నేనే తీసుకున్నాను.